పిల్లలు అడగని ప్రశ్నలు

బడి లైబ్రరీ మేడం ఏ పుస్తకం అందుకున్నా ముందు చేతిరుమాలుతో అట్ట తుడుస్తుంది. వేలు నాలుకకు అద్ది పేజీ తిప్పేవాళ్ల చేతిలోంచి పుస్తకం లాగేసుకుంటుంది. నలభై బడుల లైబ్రరీలకు ఉమ్మడిగా ఒక వెబ్‌సైటు కావాలని రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధించిందావిడే. ఒక బడి పిల్లలు ప్రశ్న పెడితే, ఇంకో బడి పిల్లలు పుస్తకాల్లో వెతికి జవాబు రాయాలి, అంతే ఆమె కోరిక. పైఅధికారి మాత్రం శుక్రవారానికల్లా బడికి వంద ప్రశ్నలు కనబడాలన్నాడు.

శుక్రవారం పొద్దున తెరిచి చూస్తే నాలుగు వేలున్నాయి. ‘పుస్తక పఠనం వల్ల కలుగు లాభములేవి?’ ‘గ్రంథాలయముల ఆవశ్యకత యేమి?’ ఎనిమిదేళ్ల పిల్లల పేర్లు పెట్టి లైబ్రేరియన్లు కూర్చుని టైపు కొట్టినవే అన్నీ. ఎక్కడో దూరపు బడి నుంచి ఒక్కటి మాత్రం పిల్ల మాటలా ఉంది: ‘చచ్చిన ఈగ కాళ్లు పైకెందుకు పెడుతుంది? మా బల్ల కింద మూడున్నాయి.’

అంతలో అధికారి ఫోన్ చేశాడు. “అదరగొట్టారమ్మా! ఆ ఈగల గోల ఒక్కటి తీసెయ్యండి. పైవాళ్లు చూస్తే ఛీ అంటారు.”

“అననివ్వండి సార్. పిల్లలు అడిగింది అదొక్కటే.”

ఫోన్ పెట్టేసి ఆమె తన బడి పేజీ తెరిచింది. తన బడి పేరు మీదున్న వందా నిన్న తను కొట్టినవే. కుర్చీ ముందుకు లాక్కుని వాటిని ఒక్కొక్కటే చెరిపేసింది. తన బడి పేరు పక్కన సున్నా పడ్డాక, పురుగుల పుస్తకం వెతకడానికి లేచింది.