మలుపు అవతలి హార్న్

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నేను మాత్రం ఒక్క అక్షరం కలపను. పదహారేళ్లుగా నర్సుని. నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే మార్చురీ దాకా వెళ్లి వచ్చిన రోజులున్నాయి. చీకటికి జడిసే రకాన్ని కాదు. ప్రార్థన చేసే ఈ నోటితోనే చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. మా ఆయన కూడా అదే కారులో ఉన్నారు. ఆయన్ని అడిగితే 'ఎకో' అంటారు. ముందు నా మాట వినండి.

మొన్న వేసవి సెలవుల్లో సంగతి. మేం ఉండేది ఇందిరాపురంలో, పదకొండో అంతస్తులో. మా అమ్మాయి జెస్సీకి తొమ్మిదేళ్లు, ఆస్తమా. ఢిల్లీ గాలి సంగతి మీకు చెప్పేదేముంది. దీపావళి నుంచి హోలీ దాకా మా ఇంట్లో మిక్సీ కంటే మందు ఆవిరి పట్టే నెబ్యులైజరే ఎక్కువ తిరుగుతుంది. ఓ వారం రోజులైనా పిల్ల ఊపిరితిత్తులకి సెలవు ఇప్పించాలని నేనే పట్టుబట్టాను. మూడు రోజులు కార్బెట్ అడవి, ఆ తర్వాత ఇంకా పైకి, కొండ మీద ఒక హోమ్‌స్టే. ముగ్గురం, మా కారులోనే.

సామాన్లు సర్దింది కూడా నేనే. భీమవరం నుంచి అమ్మ పంపిన కొత్తావకాయ సీసాకి మూడు కవర్లు చుట్టాను, పైన ఒక తువ్వాలు. నూనె కారకూడదు కదా. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ పెట్టుకున్నాను. జ్వరం మందు, కట్లు, అన్నీ ఉన్నాయి. ఆయాసం వస్తే పీల్చే నీలం ఇన్‌హేలర్ మాత్రం... డైనింగ్ టేబుల్ మీద ఉండిపోయింది. వార్డులో ముప్ఫైమంది మందులు నోటికి వచ్చిన నర్సమ్మకి సొంత పిల్ల మందు గుర్తు లేదు. ఆ సంగతి నాలుగో రోజు రాత్రి దాకా నాకు తెలియనే లేదు.

నాలుగో రోజు కొండ ఎక్కాం. ఆ సాయంత్రమే మా ఆయన వాగులో రాయి మీద జారి పడ్డారు. కుడి చీలమండ బూరెలా వాచింది. కట్టు కట్టి పడుకోబెట్టాను. లోయ అవతల కొండ మీద ఎర్రటి గీత ఒకటి మెల్లగా పాకుతూ కనిపించింది. పైన్ అడవి అంటుకుంది. హోమ్‌స్టే అంకుల్ తేలిగ్గా, "హర్ సాల్ లగ్తీ హై, దూర్ హై" అన్నాడు. ప్రతి వేసవిలోనూ ఉండేదే, దూరంగానే ఉంది అని.

తొమ్మిదింటికి గాలి తిరిగింది.

పదింటికల్లా గది నిండా పొగ. జెస్సీ లేచి కూర్చుంది. భుజాలు పైకి ఎగరేసి గాలి లాగుతోంది. "మమ్మీ, సాఁస్ నహీ ఆ రహీ," అంది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో చెబుతుంది, ఎప్పుడూ అంతే. ఊపిరి అందడం లేదట. ఆక్సీమీటర్ పెట్టాను. తొంభై రెండు. బ్యాగు మంచం మీద బోర్లించాను. ఆవకాయ సీసా భద్రంగా దొర్లింది. ఇన్‌హేలర్ లేదు. అప్పుడు గుర్తొచ్చింది... టేబుల్, పక్కన ఉప్పు డబ్బా, దానికి ఆనించి నీలం ఇన్‌హేలర్.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. అంకుల్‌కి ఉన్నది స్కూటర్. కింద రామ్‌నగర్‌కి వెళితేనే ఆసుపత్రి.

"కరుణా, తెల్లారనీ," అన్నారు మా ఆయన. "ఆవిరి పట్టి చూద్దాం."

"ఈ పొగలో తెల్లారేదాకా పిల్ల ఆగదండీ. నేను నడుపుతాను."

"నువ్వా? ఇల్లు, ఆసుపత్రి తప్ప ఎక్కడికీ నడపలేదు. ఇది ఘాట్ రోడ్డు. అసలే నీది ఎడ్లబండి డ్రైవింగు."

"బ్రేకు ఎక్కడుందో తెలుసు. మిగతాది దేవుడు చూసుకుంటాడు. మీరు వెనక కూర్చుని పిల్లని నిటారుగా పట్టుకోండి."

అంకుల్ కిటికీ దగ్గరికొచ్చి ఒకటే చెప్పాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగు. ఒక్కసారి హార్న్ కొట్టు. విను. అవతల బండి ఉంటే అదీ కొడుతుంది, పక్కకి తప్పుకో. జవాబు రాకపోతే వెళ్లు. సరేనన్నాను. అద్దాలు బిగించి బయల్దేరాను.

మా హార్న్ గురించి చెప్పాలి. కిందటి వానాకాలం అండర్‌పాస్‌లో నీళ్లలో మునిగిన దగ్గర్నుంచి దానికి గొంతు పోయింది. గట్టిగా నొక్కితే జలుబు చేసిన మేకలా 'బాఁయ్...' అంటుంది. బాగు చేయించండీ అని ఏడాదిగా పోరుతున్నాను.

మొదటి మలుపు. లైట్ల ముందు పొగ తెల్లగా కదులుతోంది. ఆగాను. కొట్టాను. బాఁయ్...

విన్నాను.

కింద నుంచి... బాఁయ్...

బండి వస్తోందనుకున్నాను. కొండ వైపుకి జరిపి ఆపాను. వెనక జెస్సీ ఛాతీలోంచి సన్నగా ఈల. ఒక నిమిషం... రెండు నిమిషాలు... ఏదీ రాలేదు. లైటు కూడా పడలేదు. మెల్లగా మలుపు తిరిగాను. రోడ్డు ఖాళీ.

రెండో మలుపు. కొట్టాను. జవాబు వచ్చింది. ఆగాను. ఎవరూ రాలేదు. మూడోదీ అంతే.

"ఎకో," అన్నారు మా ఆయన వెనక నుంచి. "మన హార్నే. ఎదురు కొండకి తగిలి తిరిగొస్తోంది. ఆ గొంతు వినలేదా?"

నిజమే, అదే గొంతు. సరే ఎకోనే అనుకున్నాను. అనుకున్నాక ఆగడం మానేశాను. హార్న్ కొట్టడం, అటు నుంచి అది రావడం, మలుపు తిరగడం. ఇలా పది పన్నెండు మలుపులు దిగాం. నిజం చెప్పనా... దాంతో నాకు ధైర్యం వచ్చింది. ఆ పొగలో ఇంకెవరో కూడా మేలుకుని ఉన్నారనిపించింది. స్పీడు కూడా పెంచాను. ఆక్సీమీటర్ చూసి మా ఆయన "తొంభై" అన్నారు. ఇంకొంచెం పెంచాను.

తర్వాతి మలుపు...

ఇక్కడే జాగ్రత్తగా వినండి. చెయ్యి స్టీరింగ్ మధ్యకి వెళ్లింది. ఇంకా నొక్కలేదు. వేళ్లు తగిలాయంతే.

బాఁయ్... బాఁయ్...

మలుపు అవతల నుంచి. రెండుసార్లు. నా కంటే ముందు.

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు ఊగి ఆగింది.  ఇంజను మోత, జెస్సీ ఈల. అవి రెండే.

"నువ్వు కొట్టావా?" అన్నారు మా ఆయన, చాలా మెల్లగా.

"లేదండీ."

టక్... పైన ఎక్కడో చిన్న రాయి కదిలింది. టక్... టకటక... రాళ్లు బానెట్ మీద పడ్డాయి. ఆ తర్వాత నేల అదిరింది. మా లైట్ల వెలుగులోకే పడింది. ఫ్రిజ్ అంత బండ. కారుకీ దానికీ మధ్య పట్టుమని పదడుగులు కూడా లేదు. కాలిన చెట్టు వేళ్లు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి, చివర్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

భయం వేసిందా అంటే వేసింది. కానీ భయపడడానికి టైము లేదు. "ప్రభువా, పిల్లని చూసుకో," అని దిగాను. బండకీ కొండకీ మధ్య సందు ఉంది. ఫోన్ లైటు వేసుకుని పాదానికి పాదం ఆనించి కొలిచాను. తొమ్మిది పాదాలు. వెనక్కి వచ్చి కారు ముందు కూడా అలాగే కొలిచాను. ఎనిమిది. చాలు.

అప్పుడే లైటు మలుపు అవతలికి వేసి చూశాను. అటు పొగ పలచగా ఉంది, వెన్నెల పడుతోంది. రోడ్డు తిన్నగా దూరం దాకా కనిపించింది. బండి లేదు. తిప్పుకునే చోటు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

ఎవరని అరిచి అడుగుదామనుకున్నాను. జెస్సీ ఈల విని వచ్చి కారెక్కాను. పక్క అద్దాలు మడిచి, అంగుళం అంగుళం కారు దాటించాను. ఆ తర్వాత ప్రతి మలుపులో హార్న్ కొట్టాను. జవాబు లేదు. ఒక్కదానికీ లేదు. అప్పుడు వేసింది అసలు భయం.

కొండ దిగాక ఫారెస్ట్ గేటు. గార్డు పెద్దాయన. పిల్లని చూడగానే ఏమీ అడగకుండా కర్ర గేటు పైకెత్తాడు. నేను కదులుతుంటే, "ఔర్ దూస్రీ గాడీ?" అన్నాడు.

"ఏ రెండో బండి భయ్యా?" అని హిందీలో అడిగాను.

అరగంట నుంచి వింటున్నాడట. పైనుంచి దిగుతూ రెండు హార్న్‌లు. ఒకటి కొడితే ఒకటి. రాత్రి కింద నుంచి పైకి తను ఒక్క బండినీ వదల్లేదట, అందుకే రెండూ దిగి వస్తున్నాయనుకున్నాడు. నాకు మాట్లాడే తీరిక లేదు. వెళ్లిపోయాను. అద్దంలో చూస్తే గేటు దించలేదు. తాడు పట్టుకుని కొండ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఆసుపత్రిలో నెబ్యులైజర్ మాస్క్ పెట్టారు. తెల్లవారుజాము మూడింటికి తొంభై ఏడు. అప్పటిదాకా గట్టిగానే ఉన్నాను. కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నానికి పొగ విడిపోయింది. పిల్లని, వాళ్ల నాన్నని ఆసుపత్రిలోనే ఉంచి సామాను తెస్తానన్నాను. "ఒక్కదానివే వెళ్లొద్దు," అని ఆయన కుంటుతూ వచ్చి ఎక్కారు. ఒక నర్సు దీదీ జెస్సీ దగ్గర కూర్చుంది. గేటు దగ్గర అదే గార్డు. నన్ను గుర్తుపట్టాడు.

"నహీ ఆయీ, దీదీ," అన్నాడు. "రాత్ భర్ గేట్ ఖులా రఖా."

రాలేదు. రాత్రంతా గేటు తెరిచే ఉంచాడు.

బండని అప్పటికే పక్కకి నెట్టేశారు. నేను అక్కడే కారు ఆపి హార్న్ కొట్టాను. విన్నాం. ఏమీ లేదు. మళ్లీ కొట్టాను. మా ఆయన పక్క నుంచి చెయ్యి చాపి తనూ కొట్టారు, గట్టిగా, మూడుసార్లు. కొండ ఉలకలేదు, పలకలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "పొగలో శబ్దం వేరేగా పోతుంది," అన్నారు. పోతుందేమో. నాకేం తెలుసు. కానీ మీరే చెప్పండి, ఎకో ఎక్కడైనా ముందు వస్తుందా?

ఇప్పుడు ఇన్‌హేలర్లు మూడు ఉన్నాయి. ఒకటి నా మెడలోనే వేలాడుతుంది. హార్న్ బాగు చేయిస్తానని ఆయన అంటే వద్దన్నాను. రాత్రి జెస్సీ పక్కన మోకరించినప్పుడు అందరి పేర్లూ వరసగా చెప్పి కృతజ్ఞతలు చెబుతాను. హోమ్‌స్టే అంకుల్, నర్సు దీదీ, ఆ గార్డు. తర్వాత ఒక చోట ఆగిపోతాను. అక్కడ చెప్పడానికి నా దగ్గర పేరు లేదు.