నా ఊపిరి కోసం ఖాసిం అన్న కొట్టిన రౌండ్

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తా. ఖాసిం అన్న కూతురు షబానా.

"అత్తా, నాన్న ఇక లేరు" అంది.

పాలు పొంగిపోయాయి. స్టవ్ కట్టేశా.

మా ఆర్కెస్ట్రా డ్రమ్మర్ ఖాసిం అన్న. పగలు జగ్గయ్యపేటలో లారీ బాడీలకి వెల్డింగ్, సాయంత్రం నా పాట వెనక డ్రమ్స్.

డెబ్బైల పాటకి బాంగోస్. ఎనభైల డిస్కో పాటైతే కిక్ డ్రమ్ గుండెల్లో పడాల్సిందే. తొంభైల పాటకి ఎలక్ట్రానిక్ ప్యాడ్. నేను నోరు తెరవకముందే, ఆయన దెబ్బ వినగానే జనం ఏ పాటో చెప్పేసేవాళ్ళు. ఈలలన్నీ అక్కడే అయిపోయేవి. సింగర్‌ని, నాకు ఒళ్ళు మండేదనుకోండి, అది వేరే సంగతి.

మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు పెనుగంచిప్రోలులో ప్రోగ్రాం. ఒక ఫాస్ట్ పాటలో చరణానికి ముందు చిన్న డ్రమ్ బిట్ ఉంటుంది. ఆయాసంతో నాకు చరణం అందేలా లేదు. అన్న నా మొహం చూసి, ఆ బిట్ ఇంకో రౌండ్ కొట్టాడు.

ఊపిరి తీసుకున్నా. అందుకున్నా.

పిల్లాడు పుట్టాడు, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ రౌండ్ మాత్రం పోలేదు. ఎందుకన్నా అంటే "ఉండనీ చెల్లెమ్మా, జనానికి అలవాటైంది" అనేవాడు. నిజమే, మావైపు అందరూ రెండో రౌండ్‌కే చప్పట్లు కొడతారు. ఒరిజినల్ వింటే, ఏదో మింగేశారేంటి అంటారు.

కిందటేడు పక్షవాతం వచ్చి అన్న కుడిచెయ్యి పడిపోయింది. నా సీట్లో మా అమ్మాయిని కూర్చోబెట్టండి, డ్రమ్స్ నేనే నేర్పా అని ఆర్కెస్ట్రా ఓనర్‌ని బతిమాలాడు. ఆడపిల్ల డ్రమ్స్ కొడితే జనం నవ్వుతారు, లాప్‌టాప్‌లో ట్రాక్ ఉందిగా అన్నాడు ఆ మహానుభావుడు. డ్రమ్స్ మాత్రం స్టేజీ మీద షోకి పెట్టాడు.

నందిగామలో ఒక రిసెప్షన్. అదే పాట. డ్రమ్ బిట్ రాగానే జనం రెండో రౌండ్ కోసం చేతులెత్తారు. ట్రాక్ ఆగుతుందా? చరణంలోకి వెళ్ళిపోయింది. నేను అలవాటు చొప్పున ఊపిరి తీసుకుంటూ ఉండిపోయా. పరువు పోయింది.

పాట వినడానికి కూతురితో వచ్చి ముందు వరసలో కూర్చున్న అన్న, ఎడం చేత్తో షబానా వీపు తట్టాడు.

"ఎక్కమ్మా."

ఎక్కింది. ట్రాక్ ఆపించి మళ్ళీ మొదలుపెట్టాం. ఆ బిట్ దగ్గర, అచ్చం వాళ్ళ నాన్నలాగే నా మొహం చూసి ఇంకో రౌండ్ కొట్టింది.

ఎవరూ నవ్వలేదు. కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. అన్న ఎడం చేత్తో తొడ మీద తాళం వేస్తూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చా, చరణం మాత్రం వదల్లేదు.

అప్పట్నుంచి ఆ సీటు షబానాదే.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక షబానా పక్కన కూర్చున్నా. వచ్చే నెల కంచికచర్ల ప్రోగ్రాం వద్దని చెప్పేద్దామా అన్నా. తల అడ్డంగా ఊపింది.

"ఆ పాట పెట్టించత్తా. నువ్వు పాడగలిగేదాకా రౌండ్ కొడుతూనే ఉంటా. అప్పుడే అందుకో."

వెళ్ళిరా ఖాసిం అన్నా. ఆ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి. నీ సీటు గురించి బెంగపెట్టుకోకు.