దండ వేసిన బండి

కోకాపేట అవతల ఉన్న మా ఊరు మున్సిపాలిటీలో కలిసిన తొలి వానాకాలం అది. రోడ్ల మీద నీళ్లు తోడే కొత్త బండిని కొని, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేసి వార్డు ఆఫీసు ముందు నిలబెట్టారు. పెద్ద వానకు మా గల్లీ మునిగితే ఆ ఆఫీసుకు ఫోన్ చేశాను.

"మీ గల్లీ ఇంకా మా మ్యాపులోకి ఎక్కలేదు మేడం" అన్నారు.

నీళ్లు పోవాలని గల్లీవాళ్లే మ్యాన్‌హోల్ మూత తీశారు. ఆ సంగతి నాకు తెలియదు. స్కూలు బస్సు దిగిన నాలుగేళ్ల మా పాప నా చెయ్యి విడిపించుకుని నీళ్లలోకి పరుగెత్తింది.

"అమ్మా, పిల్లను పట్టు! గాడ మూత తీసిండ్రు!" అని ఎదురింటి వాచ్‌మన్ భార్య లక్ష్మి అరిచింది.

ఉరికి పాప బ్యాగు పట్టుకుని వెనక్కి లాగాను. దాని చెప్పొకటి సుడి తిరుగుతూ గుంతలోకి పోయింది.

"పరేషాన్ గాకమ్మా, పిల్ల దక్కింది గదా" అంటూ లక్ష్మి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది.

మర్నాడు నీళ్లన్నీ పోయాక బండి వచ్చింది, వాడిపోయిన దండతో సహా. పాప డ్రైవర్ దగ్గరికి వెళ్లి, "అంకుల్, నా చెప్పు తెచ్చారా?" అని అడిగింది.

ఇప్పుడు అది నిద్రపోతోంది. బయట చినుకులు మొదలయ్యాయి. మూత వేసే ఉందని సాయంత్రం చూసే వచ్చాను. అయినా మరోసారి చూసి రమ్మని మా వారిని లేపబోతున్నాను.