గోక్కోలేని దురద

మా ఆయన యానాంలో ఆటో నడిపేవారు. ఒళ్లు వెచ్చబడినా బండి తీయడం మానే మనిషి కాదు. ఆ వానాకాలంలో ఓ పొద్దున్న లేచి కాళ్లు తిమ్మిరెక్కాయన్నారు. సాయంత్రానికి నిలబడలేకపోయారు. మర్నాటికి చేతులూ పడిపోయాయి. కాకినాడ ఆసుపత్రిలో అదేదో నరాల జబ్బన్నారు. పేరు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు. చాలా రోజులు ఐసీయూలో ఉంచి, గొంతులో గొట్టం తీశాక, "ఇక ప్రాణానికి భయం లేదమ్మా. చేతులూ కాళ్లూ మెల్లగా వస్తాయి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి" అని ఇంటికి పంపేశారు.

యానాం ఫరంపేటలో మా ఇంటికి తెచ్చేసరికి గోదారి వరద అప్పుడప్పుడే తీసింది. వీధి కాలవలోనూ, పెరట్లో కొబ్బరిచెట్ల మొదళ్లలోనూ నీళ్లు నిలిచిపోయాయి. ముందుగదిలో మంచం వేసి పడుకోబెట్టాం. తల మాత్రం కొంచెం అటూ ఇటూ తిప్పేవారు. పెదాలు సరిగా కలిసేవి కావు, మాట ముద్దముద్దగా వచ్చేది.

వచ్చిన రోజే, సందె వేళ, ఆయన తల విదిలించడం మొదలుపెట్టారు. కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఏంటి నాన్నా, నొప్పెడతందా?" అని అత్తయ్య కంగారుపడింది.

నొప్పి మాత్ర నూరి జావలో కలిపి పట్టాను. తగ్గలేదు. గుండె మీద చెయ్యి వేసి చూశాను, దిండు సర్దాను. తల విదిలిస్తూనే ఉన్నారు. బ్యాటరీ లైటు వేసి దగ్గరగా చూస్తే నుదుటి మీద దోమ, ఎగరలేనంతగా రక్తం తాగేసి కూర్చుంది. కొడితే నా అరచెయ్యంతా ఎర్రగా అయింది. దుప్పటి తీశాను. కాళ్ల నిండా, మోచేతుల నిండా దద్దుర్లు. కదలిక పోయింది గానీ స్పర్శ పోలేదన్న సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. దోమ వాలడం తెలుస్తుంది, కుట్టడం తెలుస్తుంది, దురద తెలుస్తుంది. చెయ్యి మాత్రం లేవదు.

గోకాను. ఆయన కళ్లు మూసుకున్నారు. జబ్బు చేశాక ఆ ముఖం తేలికపడటం చూసింది అదే మొదటిసారి. నాకు చేతనైన పని ఒకటి దొరికిందనుకున్నాను.

అప్పట్నుంచి అదే పని. "ఇక్కడాండీ? ఇంకొంచెం పైనా?" అని అడుగుతూ పోవడం, అవునంటే ఆయన రెప్పలు వాల్చడం. చోటు దొరికేసరికి ఇంకో చోట మొదలయ్యేది. కాయిల్ వెలిగిద్దామంటే పొగకి దగ్గొస్తుంది, దగ్గే బలం ఆయనకి లేదు. వరదకి స్తంభాలు ఒరిగిపోయి కరెంటు ఉండేది కాదు కాబట్టి ఫ్యానూ లేదు. దోమతెర కడితే ఊపిరాడనట్టు గుడ్లు తేలేశారు. ఐసీయూలో మంచం చుట్టూ తెరలు లాగినప్పుడల్లా పక్కన ఎవరో ఒకరు పోయేవారట, ఆ రాత్రే ముద్దమాటల్లో చెప్పారు. అత్తయ్య దద్దుర్ల మీద సున్నం రాసింది. అది మండి ఇంకా ఏడ్చారు.

కొన్నాళ్లకి నేను గోకిన చోటల్లా పుండైంది. చీలమండ దగ్గర చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది. నా గోళ్ల వల్లేనని తెలుస్తూనే ఉంది, గోకకపోతే ఆయన చూసే చూపుకి తట్టుకోలేకపోతున్నాను. ఓ సాయంత్రం అత్తయ్య నా చేతిలో విసనకర్ర లాక్కుని, "కాసేపు అలా పెరట్లోకెళ్లిరా అమ్మాయ్" అంది.

వెళ్లి కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డాను. రెండు చేతులూ వేలాడేసి, కదపకుండా ఉండాలనుకున్నాను. ఆయన పడేది ఏమిటో తెలుసుకుందామని. మోచేతి మీద ఒకటి వాలింది. మెడ మీద ఇంకొకటి. పళ్లు బిగబట్టాను. కుట్టడం పెద్ద లెక్కలోది కాదు. కాసేపటికి మొదలైంది చూడండి, ఒంట్లో ఉన్న ప్రాణమంతా ఆ చుక్కంత చోటుకి వచ్చి కూర్చున్నట్టుంది. ఎంతసేపు ఆగానో తెలీదు గానీ, ఎక్కువసేపు మాత్రం కాదు. మెడ రక్కేసుకుని, అక్కడే చతికిలబడి ఏడ్చాను. నేను గోక్కోగలను. ఆయన రాత్రీ పగలూ అలాగే ఉండాలి.

మర్నాడు ఉదయం మా వీధి చివర ఉండే డాక్టరమ్మ గారి కాళ్లావేళ్లా పడి ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ పుండ్లు చూసి, ముందు నా చేతులు పట్టుకుని గోళ్లు చూశారు.

"కత్తిరించెయ్యండి" అన్నారు.

"దోమ సన్నగా ఓ పోటు పొడుస్తుంది, అంతే కదండీ. అంత దురదెందుకండీ?" అని అడిగాను.

"పోటుకి కాదమ్మా. రక్తం గడ్డకట్టకుండా దోమ తన ఉమ్మి మన ఒంట్లోకి వదులుతుంది. అది పరాయిది కదా, ఒళ్లు దాని మీద తిరగబడుతుంది. ఆ తిరగబాటే వాపూ, దురదా. గోకితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది గానీ చర్మం ఇంకా రేగుతుంది, చిట్లితే క్రిములు చేరతాయి."

"మరి గోకకుండా ఎలాగండీ? ఆయన్ని చూడండి."

"చల్లదనం పెట్టండి. కుండనీళ్లలో గుడ్డ తడిపి పిండి ఆనించండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి, కాసేపే. మీద కాలమైన్ లోషన్ రాయండి, పుండ్ల మీద వద్దు, వాటికి వేరే మందిస్తాను. దురదకి మాత్ర మీ అంతట మీరు కొని వెయ్యకండి. కొన్నిటికి మత్తు వస్తుంది, ఈయన ఊపిరికి అది మంచిది కాదు. పడేది నేను రాస్తాను."

దోమతెర సంగతి చెప్పాను. ఆవిడ "మీరూ లోపలికెళ్లి కూర్చోండి. పట్టపగలే, కిటికీలు తీసి" అన్నారు.

ఆ మధ్యాహ్నమే తెర కట్టి, ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కణత దడదడా కొట్టుకోవడం నా తొడకి తెలుస్తోంది. "నేనున్నానండీ, ఎవరూ పోరు, ఎక్కడికీ పోరు" అంటూ ఉన్నాను. వద్దన్నట్టు తల తిప్పారు, తెర ఎత్తేశాను. మర్నాడు మళ్లీ. అత్తయ్య పలుగు పట్టుకుని పెరట్లో నీళ్లకి దారి తీసింది. తడిగుడ్డ పెడితే దురద పూర్తిగా పోయేది కాదు, కానీ ఆయన ఊపిరి నెమ్మదించేది. పుండ్లు మానడానికి చాలా రోజులు పట్టింది. తెరలో నిద్రపోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

చలికాలం పోయేసరికి వేళ్లు కదిలాయి. ఇప్పుడు చెంచాతో తింటారు, గోడ పట్టుకుని నడుస్తారు. ఆటో అమ్మేశాం.

మొన్న అన్నం తింటూ, నేను అడక్కుండానే అన్నారు: "ఆసుపత్రిలో చచ్చిపోతానేమోనని భయపడ్డాను. ఇంటికొచ్చాక ఆ దోమల మధ్య, ఎప్పటికీ చచ్చిపోనేమోనని భయపడ్డాను."

అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన మజ్జిగ పొయ్యమన్నారు, పోశాను.