తొట్టిలో తెట్టు

ఎనభైల మొదట్లో, నూజివీడు దగ్గర మా మామిడి తోటలో ఇంజను తోడిన నీళ్ళు ఒక తొట్టిలో నిలిచేవి. ఆ నీళ్ళ మీద రంగులు తేలే తెట్టు కట్టిందని మొదట చూసింది నేనే. నూనెలా మెరిసింది. అడుగున తుప్పు రంగు జిగురు. ఎనిమిదో తరగతి పిల్లని, ఏదో ఘనకార్యం చేసినట్టు పరిగెత్తుకెళ్ళి నాన్నకు చెప్పాను. ఆ ఏడు నాటిన మామిడి అంట్లు పసుపెక్కుతున్నాయి. నాన్నకు ఒక కారణం కావాలి. దొరికింది.

ఇంజను నడిపేది ఉంగుటూరు మనిషి, పదేళ్ళుగా మా దగ్గరే. డీజిల్ తొట్టిలోకి కారనిస్తున్నావని నాన్న అతన్ని నిలదీశాడు.

“కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానండీ. చుక్క కూడా పడలేదు.”

“కళ్ళకి కనపడుతుంటే ఇంకా ప్రమాణం ఏంటి?”

మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఆ మాట చుట్టుపక్కల తోటలకు పాకింది. ఇంజను పని అతనికి మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. వరి కోతలకు కూలికి పోతున్నాడని విన్నాను. నాకేమీ అనిపించలేదు.

డిగ్రీలో ఒకరోజు మేడమ్ సూక్ష్మజీవుల గురించి చెప్పారు. మరిగే ఊటల్లో, ఆమ్లంలో ఉండేవి సైతం ఒంట్లో ఇనుమో రాగో లేనిదే బతకలేవట. వెలుతురు లేని నేల అడుగున, గాలి ఆడీ ఆడని చోట ఇనుమునే తిండిగా చేసుకునేవి ఉన్నాయట. అవి తుప్పు వదులుతాయి, నీటి మీద నూనె లాంటి పొర కడతాయి.

“పుల్లతో కదపండి. నూనైతే మళ్ళీ కలుస్తుంది. ఇదైతే పెంకుల్లా పగులుతుంది,” అన్నారు.

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. చెయ్యి దానంతటదే రాసింది.

సెలవులకు వచ్చి, తొట్టిలో ఇంకా కడుతూనే ఉన్న తెట్టును మామిడి పుల్లతో కదిపాను. పగిలింది. ముక్కలు మళ్ళీ కలవలేదు. సంగతి నాన్నకు చెప్పాను.

“ఇప్పుడేం చేస్తాం,” అని చెట్లలోకి వెళ్ళిపోయాడు.

నేను ఉంగుటూరు బస్సెక్కాను. అతను ఇంటి ముందు కొడవలి నూరుకుంటున్నాడు. అంతా చెప్పాను. తప్పు నాదేనని, సిగ్గుగా ఉందని కూడా చెప్పాను. గొంతు మాత్రం పాఠం అప్పజెప్పినట్టే వచ్చింది.

“నాకు తెలుసమ్మా. డీజిలైతే వాసన రాదా?” అన్నాడు, నూరడం ఆపకుండానే. తర్వాత గుమ్మం వైపు చూపించాడు. “ఆ మాటేదో లోపలికెళ్ళి మా ఆవిడతో చెప్పండి. ఇన్నేళ్ళూ తను కూడా నా మాట నమ్మలేదు.”

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.