తాళం వేసిన ఆస్పత్రి ముందు పోలమ్మ

మా వీధిలో చేపలమ్మే పోలమ్మ మొన్న చనిపోయింది. ఆమె వదిన వెంకమ్మ వచ్చి, నెత్తిమీది గంప దించకుండానే ఆ మాట చెప్పింది. ముప్పై ఏళ్లు నిండని మనిషి, ముగ్గురు బిడ్డల తల్లి. చాలాసేపు నమ్మలేకపోయాను.

సూళ్లూరుపేట వీధుల్లో ముందు ఆమె గొంతు వచ్చేది, వెనక గంప. "చేప నిన్నటిదా?" అని ప్లీడరు గారు అడిగితే, "నిన్నటిదయితే మీ కేసుల మాదిరి వాసనొచ్చేది గదయ్యా!" అనేది. ఆయనే ముందు నవ్వేవారు.

మూడో కాన్పులో ఆమె గుండె దెబ్బతిన్నది. పులికాట్ ఒడ్డున వాళ్ల ఊళ్లో అప్పుడు చిన్న ప్రసూతి ఆస్పత్రి ఉండేది. "ఇంకో కాన్పు నువ్వు తట్టుకోలేవు. నెల తప్పితే వెంటనే రా, తీసేస్తాను" అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. తల్లి ప్రాణం నిలబెట్టడానికైతే చట్టమూ అడ్డు చెప్పదు.

అడ్డు చెప్పింది పంచాయతీ సమితి ప్రెసిడెంటు గారు. కడుపు తీయించుకోబోతే నాటువైద్యం వికటించి రక్తమోడుతూ వచ్చిన ఒక పెళ్లికాని పిల్లను డాక్టరమ్మ బతికించడం ఆయన దృష్టిలో మహాపరాధం. ఊరి పరువు కోసం ఆమెను బదిలీ చేయించి, ఆస్పత్రి మూయించి, లోపల ఎరువు బస్తాలు వేయించారు. పరువు నిల్వ చేయడానికి అంతకంటే తగిన చోటు ఆయనకు తోచలేదు.

"ఆస్పత్రికి తాళమేస్తే కడుపులు ఆగిపోతాయా, పెసిడెంటన్నా?" అని పోలమ్మ నడిబజార్లో నిలదీసింది.

"ఆడదానివి, నోరు అదుపులో పెట్టుకో!"

"మీ కోడలమ్మను ఇట్టాంటి పనికే మదరాసు తీసకపోయినారంట గదా. ఆ కారు మాకూ పంపించన్నా, నోరు మూసుకుంటా."

మహానుభావుడు అదే కారెక్కారు.

పోలమ్మకు మళ్లీ నెల తప్పింది. రైలెక్కి నెల్లూరు పోతే, మొగుడు వచ్చి సంతకం పెట్టాలన్నారు. మొగుడు చేపల వేటలో ఉన్నాడు. అతడు తిరిగొచ్చాక ఇద్దరూ వెళితే, ఆలస్యమైంది, ఇక కుదరదన్నారు. చివరికి ఆ పెళ్లికాని పిల్లను చావుదాకా తెచ్చిన నాటు మంత్రసాని దగ్గరికే ఆమె పోయింది. తర్వాత మంచం మీదినుంచి లేవలేదు.

పరామర్శకు పరివారంతో వచ్చిన ప్రెసిడెంటు గారు, "అంతా విధి. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నారు.

"మా పోలి బతికుండగా రెండు నిమిషాలు నోరు మూసిందా సామీ?" అంది వెంకమ్మ. "డాక్టరమ్మను ఎప్పుడు పిలిపిస్తావో అది చెప్పు."

ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నారు.

పోలమ్మకు నా నమస్కారం. అటువంటి మనిషి ఈ తీరాన మళ్లీ పుట్టదు. పుట్టబోయినా, పురుడు పోయడానికి ఇక్కడ ఆస్పత్రి లేదు.