బావ దాటేసిన పళ్లెం

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో అక్కా బావలతో చర్చికి వెళ్లాను. ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం. ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం చేతులు మారుతూ మా వరుసకు వచ్చింది. బావ దాన్ని అందుకుని, తాను గ్లాసు తీసుకోకుండానే నా చేతిలో పెట్టాడు. మిలిటరీ చేతులు కదా, చుక్క తొణకలేదు. నేను తీసుకుని తాగాను. ఎప్పటిలాగే మరీ తియ్యగా ఉంది.

బావ ఆ పళ్లేన్ని అలా దాటించబట్టి ఏళ్లయింది. తాగుబోతు కాబట్టి బల్లలో పాలు పుచ్చుకోకూడదని సంఘం పెద్దలు చెప్పారు. అది అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, మా బావ ఎన్నడూ మందు ముట్టలేదు.

సైన్యం నుంచి సెలవుకు వస్తే ఆయన ట్రంకుపెట్టెలో మిలిటరీ క్యాంటీను మందు సీసాలు ఉండేవి. అవి మాకు. నంద్యాల స్టేషన్లో దిగీ దిగకముందే "ఏం తెచ్చినావ్ బావా?" అనేవాణ్ని. క్షేమం అడగడం పెట్టె తెరిచిన తర్వాతే. పెన్షన్ మీద వచ్చేశాక కూడా సీసాలు ఆగలేదు గానీ, మనిషి ఆగిపోయాడు. సరిహద్దులో ఏదో జరిగిందని అక్క ఒకసారి అంది. ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషి, కూరలో ఉప్పు మరిచినా ఎక్కువైనా ఒకేలా తినేవాడు. గోడకు వీపు ఆనితే తప్ప కూర్చునేవాడు కాదు.

వాళ్లమ్మ పోయినప్పుడు సమాధుల దగ్గర అందరం పిడికెడు మట్టి వేశాం. బావ మాత్రం మట్టి పట్టుకుని నిలబడిపోయాడు. పాస్టరు గారు పిలిచినా వినబడలేదు. కంట్లో చెమ్మ లేదు. రుద్రవరం నుంచి వచ్చిన ఆయన చిన్నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏందల్లుడా, కన్నతల్లి పోతే ఇట్ల నిలబడ్నాడు? మతి గానీ పోయిందా వీనికి?"

నలుగురూ తలలు తిప్పారు. ఆ మాట మా ఇంటికి అంటుకోకూడదనుకున్నాను.

"తాగినాడులే మామా," అన్నాను.

"అదా! మిలిటరీ వాళ్లకు మామూలే కదప్పా," అని ఆయన తేలికపడ్డాడు. సాయంత్రానికి ఊరంతా తేలికపడింది. తర్వాత సంఘం పెద్దలు ఇంటికొచ్చి అడిగితే బావ కాదనలేదు. నేనూ ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను.

ఈ ఏడు అక్క ఆయన్ని నంద్యాలలో మానసిక వైద్యుడికి చూపించింది. నేనే తీసుకెళ్లాను. తాగుతాడా అని డాక్టరు అడిగితే, "ఎప్పుడూ లేదు సార్," అని అక్క నా వైపు చూస్తూ చెప్పింది. సైన్యంలో పడిన దెబ్బే ఇది, ఇన్నాళ్లు ఎందుకు ఆగారని డాక్టరు అన్నాడు.

పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, "బావా, ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమని పాస్టరు గారికి చెప్తా," అన్నాను.

"తాగుబోతంటే పక్కన కూచుంటాండారు. పిచ్చోడంటే లేచి పోతారప్పా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "చెప్పాలనుంటే చెప్పుకో. నాకైతే ఏమీ అనిపీదు. పా, బేగా పోదాం, మీ అక్క ఆటో పిలుస్తాండాది."

నేను వెనక్కి వెళ్లి చెప్పాను. పాస్టరు గారు వచ్చే బల్లనాడు తానే స్వయంగా బావకు గ్లాసు అందిస్తానన్నారు. ఆ సంగతి చెబితే బావ తల ఊపాడు, అంతే. నా ఒక్క మాటను ఊరు సాయంత్రంలోగా నమ్మింది. దాన్ని మరవడానికి ఎన్ని ఆదివారాలు కావాలో, మా ఇద్దరికీ అన్ని మిగిలి ఉన్నాయో లేదో.